శేషాచార్యులు వేసిన పిన్ను

గురువారం పొద్దున పదింటికి ఆఫీసులో ఫోను మోగింది. హైస్కూలు గుమాస్తా మాట్లాడుతున్నాడు. "ఒక మరణవార్త సార్, రాసుకోండి" అన్నాడు. ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ కాగితం ముందుకు లాక్కున్నాను. పేరు అడిగాను, రాసుకున్నాను. వయసు యాభై నాలుగు అన్నాడు. ఎక్కడ, ఎలా అని అడిగాను. పాల బూతు దగ్గర వరసలో నిలబడి ఉండగా కూలిపోయారని, ఆసుపత్రికి చేర్చేలోగానే ప్రాణం పోయిందని చెప్పాడు. కుటుంబం ఎవరని అడిగాను. భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు, తల్లి ఉంది అన్నాడు. అంతా రాసుకుని "సరే, రేపు వస్తుంది" అని ఫోను పెట్టేశాను. తరువాత రాసింది ఒకసారి చదువుకున్నాను. అప్పటికి గాని అది మా శేషాచార్యుల పేరని బుర్రకు ఎక్కలేదు. నా చేత్తో నేను రాసిన పేరే. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. వార్తను ఐదు వాక్యాలకు కుదించి కంపోజింగుకు పంపి, కాఫీ తాగడానికి వెళ్ళాను.

తిరుపతిలో శేషాచార్యులు మాస్టారిని ఎరగనివాళ్ళు తక్కువ. ఇరవై ఏడేళ్ళు సైన్సు చెప్పారు. నుదుట తిరునామం, వెనక పిలక, పంచెకట్టు. ఆ వేషంలోనే మోటారు సైకిలు నడిపేవారు. ఆయన గురించి ఊళ్ళో రెండు మాటలు చెప్పుకుంటారు. ఒక పాత నల్ల కారును పద్నాలుగేళ్ళ పాటు ఏ మెకానిక్కు షెడ్డు గడపా తొక్కనీయకుండా తన చేతులతో తానే బాగు చేసుకుంటూ నడిపారన్నది మొదటి మాట. ఒకసారి బ్రేకు దగ్గర పిన్ను వేయడం మరిచిపోతే ఒక విలేకరి కాలు విరిగిందన్నది రెండో మాట. మొదటిది నిజం. రెండోది అబద్ధం. ఆ విలేకరిని నేను. అది అబద్ధమని మొన్నటి దాకా తెలిసినవాణ్ణి కూడా నేనొక్కణ్ణే. ఆయనకు చెప్పాలని తొమ్మిదేళ్ళుగా అనుకుంటూ వచ్చాను. చెప్పలేదు. కనుక ఇప్పుడు పాఠకులకు చెబుతున్నాను. అంతకు ముందు ఆ చేతులు ఎటువంటివో చెప్పాలి.

ఆ కారు కార్వేటినగరంలో ఒక పెద్దింటి వెనక రేకుల షెడ్డులో దొరికింది. ఆయనతో పాటు నేనూ వెళ్ళాను. కారు తలుపు తీయగానే వెనక సీటులోంచి రెండు కోళ్ళు అరుచుకుంటూ బయటికి దూకాయి. సీటు స్ప్రింగుల మధ్య గుడ్లు ఉన్నాయి. ఇంటి యజమాని నిజాయితీపరుడు. "సామీ, ఇది కదిలే రకం కాదు. కోళ్ళకైతే బాగుండాది. మీరేం జేసుకుంటారు దీంతో?" అన్నాడు. శేషాచార్యులు కారు కింద దూరి ఉన్నారు. అక్కడి నుంచే "కదలకపోతే మా ఇంటి ముందర కదలకుండా ఉంటాదిలే నాయనా. ముందు ఆ గుడ్లు తీయించు, నేను ముట్టుకోను" అన్నారు. అప్పటికి ఆయన వయసు నలభై. కారు గురించి ఆయనకు తెలిసినదంతా పుస్తకాల్లో చదివిందీ, తన మోటారు సైకిలు విప్పి నేర్చుకున్నదీ మాత్రమే.

ఎడ్లు కట్టి పుత్తూరు దాకా, అక్కడి నుంచి లారీ వెనక తాడు కట్టి తిరుపతి దాకా లాక్కొచ్చాం. ఇంటి ముందు ఆయన తల్లి అలమేలమ్మగారు అడ్డంగా నిలబడ్డారు.

"కోడిగుడ్లు పెట్టిన బండిని నా వాకిట్లో నిలబెట్టేదానికి లేదు."

"గుడ్లు ఆడనే తీసేసినారమ్మా."

"తీసేస్తే మైల పోతాదా?" అని ఆమె బిందెడు పసుపునీళ్ళు తెచ్చి సీట్ల మీద, చక్రాల మీద, కప్పు మీద చల్లారు.

"ఇంజన్లో గూడ పొయ్యమంటావా?"

"పొయ్యిరా. దానికీ పుణ్యం వస్తాది."

ఆ వేసవి సెలవులు రెండు నెలలూ ఆయన ఆ ఇంజను కిందే గడిపారు. అరిగిన ముక్కను పాత పంచె గుడ్డలో చుట్టుకుని మద్రాసు బస్సెక్కేవారు. పాత సామాన్ల బజారులో అంగడి అంగడికీ తిరిగి దానికి జోడు వెతికి తెచ్చేవారు. దొరకనిది తానే అరగదీసి తయారు చేసేవారు. బడి తెరిచే రోజున కారులో బడికి వెళ్ళారు. హెడ్మాస్టరుగారు బయటికి వచ్చి చూసి, "ఏమండీ ఆచార్యులవారూ, ఇది ఆగుతుందా?" అని అడిగారట. "దాన్నే ఇంకా సరిజేస్తా ఉండా సార్" అన్నారట ఈయన.

ఆయన పని చేసే తీరు ఒకటి ఉంది. అది మరెక్కడా చూడలేదు. వాళ్ళ తాత తండ్రులు కోవెల వంటశాలలో పనిచేసినవాళ్ళు. వడ్డన క్రమం ఆ ఇంట్లో అందరికీ చిన్నప్పుడే ఒంటబడుతుంది. ఆదివారం పొద్దున స్నానానికి ముందు, ఆయన వాకిట్లో అరిటాకు పరిచేవారు. విప్పిన ప్రతి నట్టూ, వాషరూ, స్ప్రింగూ ఆ ఆకు మీద ఎడమ నుంచి కుడికి, ఉప్పు మొదలు పెరుగన్నం దాకా వడ్డించిన వరసలో పెట్టేవారు. మొదటిసారి చూసినప్పుడు నేను నవ్వాను.

"ఏంది సామీ, ఇంజనుకు సమారాధనా?"

"నవ్వబాకప్పా. విప్పేటప్పుడు ఉప్పు కాడ మొదలు. బిగించేటప్పుడు పెరుగన్నం కాడి నుంచి ఎనక్కి రావాల. తప్పేదానికి వీల్లేదు. ఆకులో ఏమన్నా మిగిలిందంటే పని కాలేదని లెక్క. ఆకు ఖాళీ అయినాకనే లెయ్యాల."

ఒకసారి వీధి ఆవు ఒకటి వెనక నుంచి వచ్చి ఆకు కొస పట్టి లాగింది. కార్బురేటరులోని చిన్న ఇత్తడి ముక్క ఇసుకలో పడిపోయింది. ఆయన ఆవును ఒక్క మాట అనలేదు. వంటింట్లోంచి పిండి జల్లెడ తెచ్చి వాకిలంతా జల్లించారు. మధ్యాహ్నం మూడింటికి దొరికింది. ఆ జల్లెడను అలమేలమ్మగారు మళ్ళీ ఇంట్లోకి రానివ్వలేదు. పని ముగిశాక ఆయన చేతులు రెండూ చాపి నిలబడితే, ఆమె తాకకుండా ఎత్తునుంచి కుంకుడు రసం, దాని మీద నీళ్ళు పోసేవారు. "సదువుకున్న సదువుకు చేతులు సూడు" అనేవారు. గోళ్ళ సందుల్లోని నలుపు ఎన్ని చెంబులు పోసినా పోయేది కాదు. బడిలో సుద్దముక్క పట్టుకున్నప్పుడు కూడా కనిపించేది.

కారు ఆయనకు పని. మోటారు సైకిలు సంతోషం. సెలవు రోజున పంచె మోకాళ్ళ పైకి దోపుకుని, పిలక ముడిచి, ఏ పనీ లేకుండా బయలుదేరేవారు. నాకూ అప్పుడు ఆఫీసు బండి కాదు, సొంత మోటారు సైకిలు ఉండేది. ఇద్దరం కలిసి చంద్రగిరి, పాకాల మీదుగా చిత్తూరు, అక్కడి నుంచి ఘాటు ఎక్కి పలమనేరు దాకా వెళ్ళేవాళ్ళం. పైకి వెళ్ళిన కొద్దీ గాలి చల్లబడేది. పలమనేరులో ఒక కాఫీ తాగి వెనక్కి తిరిగేవాళ్ళం. ఆ కాఫీ కొట్టతను ఒకసారి అడిగాడు: "ఏం సామీ, ప్రతిసారీ వస్తారు, కాపీ తాగి పోతారు. ఈడ బంధువులున్నారా?" శేషాచార్యులు గ్లాసు కింద పెట్టి, "లేరప్పా. ఉంటే ఇట్ల నెమ్మదిగా కాపీ తాగనిస్తారా?" అన్నారు. ఘాటు మలుపుల్లో ఆయన ముందు, నేను వెనక. మలుపు మలుపుకూ ఆయన వీపు ఒక పక్కకు వంగి మళ్ళీ నిటారుగా లేచేది. బడిలో నవ్వని మనిషి, దిగువకు వచ్చి బండి ఆపాక ఊరికే నవ్వుతూ నిలబడేవారు.

ఆయన చేతి సంగతి తెలిసి సగం ఊరు తమ బండ్లు తీసుకుని వచ్చేది. డాక్టర్లు, వకీళ్ళు, కోవెల ఆఫీసు గుమాస్తాలు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు. కానీ ఊరికే చేసి ఇచ్చేవారు కూడా కాదు. స్పానరు యజమాని చేతికే ఇచ్చేవారు. "నీ బండి నువ్వు సూసుకోకపోతే అది నీది ఎట్లవుతాదప్పా?" అనేవారు. ఒక వకీలుగారు "ఇవన్నీ మాకెందుకు సామీ, మెకానిక్కులు లేరా?" అంటే, "మీ కేసు మీ కక్షిదారుకు అర్థం కాకపోతే మీకు సుఖం. నాకట్ల కాదు" అన్నారు. వకీలుగారు నవ్వి, చొక్కా చేతులు మడిచారు.

తొమ్మిదేళ్ళ కిందట ఒక ఆదివారం నా మోటారు సైకిలు వెనక బ్రేకు పట్టడం లేదని ఆయన ఇంటికి తీసుకెళ్ళాను. పని మధ్యలో మునిసిపల్ ఆఫీసు దగ్గర ఏదో గొడవ అని కబురు వస్తే, నేను లేచి వెళ్ళిపోయాను. ఆయన ఒక్కరే పూర్తి చేశారు. వెనక చక్రంలో బ్రేకు పలక తిరిగిపోకుండా పట్టి ఉంచే కడ్డీ ఒకటుంటుంది. దాని నట్టు ఊడి రాకుండా ఒక చిన్న పిన్ను గుచ్చి, రెండు కొనలూ వంచుతారు. పని ముగిసే వేళకు వాళ్ళింటికి ఎవరో చుట్టాలు వచ్చారు. అలమేలమ్మగారు వాకిలి శుభ్రం చేయాలని కంగారుగా, నేల మీద పరిచి ఉన్న ఆకును మడిచి దిబ్బ మీద పారేశారు. అందులో ఏమైనా మిగిలిందో లేదో ఆయన చూడలేదు. సాయంత్రం నేను వెళ్ళి బండి తెచ్చుకున్నాను.

మరునాడు పలమనేరులో పాడి రైతుల సభ. ముగించుకుని బయలుదేరబోతే వెనక చక్రం పంక్చరు. బస్టాండు పక్కన పంక్చరు కొట్టతను చక్రం విప్పుతున్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. కడ్డీ దగ్గర కొత్త పిన్ను, రెండు కొనలూ పద్ధతిగా వంచి ఉంది. నా కళ్ళతో చూశాను. అతను కటింగ్ ప్లేయరుతో దాన్ని లాగడానికి తంటాలు పడ్డాడు.

"ఎవురన్నా యేసింది దీన్ని? బలే యేసినాడే, రానంటాది."

"మా సామి ఒకాయన."

పంక్చరు వేసి చక్రం ఎక్కించాడు. నట్టు బిగించాడు. పిన్ను కోసం వెతికాడు. "కాలవలో పడినట్టుందన్నా. ఎదురంగట్లో కొత్తది తెస్తా, రోంత నిలువు" అన్నాడు. నాలుగింటికల్లా చిత్తూరు చేరి ఫోనులో వార్త చెప్పాలి. "వద్దులేప్పా, ఊరికి పోయినాక వేయించుకుంటా" అన్నాను. అతను "వద్దన్నా, కిందికి దిగే దారి" అన్నాడు. నేను అప్పటికే కిక్కు కొట్టాను.

మొగిలి ఘాటు సగం దిగాక ముందున్న లారీ ఆగింది. బ్రేకు తొక్కాను. వెనక ఏదో విరిగిన చప్పుడైంది, చక్రం బిగుసుకుపోయింది. బండి నా ఎడమ కాలి మీద పడి కొంత దూరం ఈడ్చుకుపోయింది. రోడ్డు పక్కన పడి ఉన్నప్పుడు నాకు నొప్పి ఇంకా తెలియలేదు. పిన్ను మాత్రం గుర్తుకొచ్చింది.

బండిని లేపిన మెకానిక్కు కడ్డీ దగ్గర నట్టూ లేదు, పిన్నూ లేదన్నాడు. ముందురోజు ఆ బ్రేకు ఎవరు చూశారో తిరుపతిలో పదిమందికి తెలుసు. మరునాడు చిత్తూరు ఆసుపత్రికి శేషాచార్యులు, అలమేలమ్మగారు కారులో వచ్చారు. ఆమె గుమ్మం దగ్గరే నిలబడిపోయారు. ఆయన మంచం పక్కన కూర్చున్నారు.

"పిన్ను లేదంటప్పా."

నేను కళ్ళు మూసుకుని ఉన్నాను.

"వేసినట్టే గుర్తు. కానీ ఆకు సూడలేదు గదా. ఆకు సూడకుండా లేసినా. తప్పు నాది."

అప్పుడు నేను చెప్పవలసింది ఒక్క వాక్యం. దానికి బదులు "పోనీలెండి సామీ" అన్నాను. చేయని తప్పుకు ఆయనను క్షమించాను. మందు మత్తులో ఉన్నానని చెప్పుకోవచ్చు. లేను. వార్త కోసం తొందరపడి నా కాలు నేనే విరగ్గొట్టుకున్నానని ఆఫీసులో తెలియడం నాకు ఇష్టం లేదు. అంతకన్నా పెద్ద కారణం ఏమీ లేదు. పత్రికలో తప్పు పడితే మరునాడు సవరణ వేస్తాం. మరునాడు వేయకపోతే, వారం తరువాత వేయడానికి ఎవరికీ చెయ్యి రాదు. ఇదీ అలాగే అయింది.

ఆ తరువాత ఆయన మరొకరి బండి మీద చెయ్యి వేయలేదు. ఎవరైనా వచ్చి "సార్, క్లచ్చు పట్టుకుంటా ఉండాది, రోంత సూడండి" అంటే, "లేదు నాయనా. నా బండి వరకే. ఒకరి ప్రాణం నా చేతికియ్యబాక" అని పంపేసేవారు. కొన్నాళ్ళకు జనం రావడం మానేశారు. కొందరు వెనక నవ్వారు కూడా. పిలకా పంచే పెట్టుకుని ఆయనకెందుకు ఈ పనులు అన్నారు. ఆయన విన్నారు.

మోటారు సైకిలు ఎక్కడం మానేశారు. అమ్మలేదు. ప్రతి ఆదివారం తుడిచి, స్టార్టు చేసి, ఐదు నిమిషాలు ఆ చప్పుడు వింటూ పక్కన నిలబడి, ఆపేసేవారు. ఎందుకు ఎక్కరని ఒకసారి అడిగాను. "నువ్వు ఎక్కలేని బండి నేనెట్ల ఎక్కేదప్పా" అన్నారు. నా ఎడమ కాలు అంగుళం పొట్టిదైంది. నన్ను వేలూరికి చూపించడానికి ఆ నల్ల కారులో ఆయనే ఎన్నిసార్లు తీసుకెళ్ళారో లెక్క లేదు. బయలుదేరే ముందు నాలుగు చక్రాలూ ఒక్కొక్కటిగా తట్టి చూసి, బ్రేకులు మూడుసార్లు తొక్కి, అప్పుడు "కూర్చోప్పా" అనేవారు. నేను కూర్చునేవాణ్ణి. తొమ్మిదేళ్ళు కూర్చున్నాను.

ఒకసారి నోటి దాకా వచ్చింది. పోయిన వేసవిలో వేలూరు నుంచి వస్తుంటే, కారు వేడెక్కిందని చిత్తూరు దాటాక ఆపారు. బానెట్టు ఎత్తి నీళ్ళు పోయడానికి ఇంజను చల్లబడాలని ఎదురుచూస్తున్నాం. "సామీ, ఆ పిన్ను సంగతి" అన్నాను. ఆయన చెయ్యి పైకెత్తారు.

"వద్దప్పా. ఇన్నేండ్లూ నువ్వు ఆ మాట ఎత్తలేదు. అందుకే నీ మొగం సూడగలుగుతా ఉండా."

నేను మళ్ళీ ఎత్తలేదు. ఆయన గుడ్డతో రేడియేటరు మూత తిప్పి, ఆవిరి పోయేదాకా మొహం పక్కకు పెట్టుకుని నిలబడ్డారు.

పదో రోజు కర్మ అయ్యాక వాళ్ళింటికి వెళ్ళాను. కర్మ చేసిన దాయాది కొడుకు భోజనాల ఏర్పాటు చూస్తున్నాడు. అలమేలమ్మగారు లోపల గదిలో గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. నన్ను చూసి, "కాలు చాపుకుని కూర్చో నాయనా, మడిస్తే నొప్పి పుడతాది" అన్నారు. కూర్చున్నాను. ఆమే మొదలుపెట్టారు.

"ఆ ఆకు నేను తీసినా. నీకు తెల్దు. వాడు ఎవురికీ సెప్పనియ్యలేదు. 'నువ్వు గాదమ్మా, సూసుకోవాల్సింది నేను' అని తొమ్మిదేండ్లు అదే మాట. నీ కాలు సూసినప్పుడల్లా నాకు ఆ ఆకే గుర్తొస్తాది."

ఆసుపత్రిలో ఆయన ఆకు చూడకుండా లేచానని మాత్రమే అన్నారని, తల్లి పేరే ఎత్తలేదని చెప్పాను. తరువాత మిగతాది చెప్పాను. పంక్చరు కొట్టు, కొత్త పిన్ను, కాలవ, నా తొందర. వార్త చెప్పినట్టే వరసగా చెప్పాను. నా గొంతు మామూలుగానే ఉంది. అది నాకే వింతగా ఉంది.

బయట ఎవరో గిన్నెలు దించుతున్నారు.

"శేషుడికి సెప్పినావా?"

"లేదమ్మా."

"వాడికి సెప్పకుండా నాకెందుకు సెప్పినావు?"

ఆమె కొంగుతో ముఖం తుడుచుకున్నారు. ఏడవలేదు. ఆ పది రోజుల్లో ఏడవడం అయిపోయి ఉంటుంది.

"నువ్వు పత్రికలో రాస్తావు గదా. అందరూ సదువుతారు గదా. రాయి. వాడి చెయ్యి తప్పు చెయ్యలేదని రాయి. నీ గురించి ఏమన్నా రాసుకో, రాసుకోకపో. నాకక్కర్లేదు. రాసినాక వచ్చి నాకు సదివి సెప్పు. నాకు అక్షరాలు రావు. ఇంకొకరు సదివితే నేను నమ్మను."

ఆమె అడిగింది సంస్మరణ కాదు, సవరణ. నాకు రెండూ ఒకేసారి రాయవలసి వచ్చింది. శేషాచార్యుల వద్ద సైన్సు నేర్చుకున్నవాళ్ళు, స్పానరు పట్టడం నేర్చుకున్నవాళ్ళు ఈ జిల్లా అంతటా ఉన్నారు. వారందరితో పాటు నేనూ ఆయనకు నమస్కరిస్తున్నాను. తన చేతిని అంతగా అనుమానించుకున్న నిపుణుణ్ణి నేను మరొకరిని చూడలేదు. అనుమానించవలసిన అవసరం అంత తక్కువ ఉన్నవాణ్ణి కూడా చూడలేదు. ఈ ఊళ్ళో బండ్లు బాగు చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఇంకా వస్తారు. ఆయన లేని లోటు వారు తీర్చేది కాదు.

ఆదివారం నాడు ఇది ఆమెకు చదివి వినిపించాలి. మాటలు చుట్టూ తిప్పితే ఆమె ఒప్పుకోరు. కనుక నేరుగా రాస్తున్నాను. మొగిలి ఘాటులో పడిపోయిన నా మోటారు సైకిలుకు శేషాచార్యులు పిన్ను వేశారు. సరిగ్గా వేశారు. దాన్ని తీయించింది నేను. తిరిగి వేయించనిది నేను.